తోకదీపం చెప్పే మాట

పిల్లలూ, మీలో కొందరు విశాఖపట్నం నుంచి అరకులోయకు బస్సులోనో, కారులోనో వెళ్ళి ఉంటారు. శృంగవరపుకోట దాటిన తరవాత రోడ్డు కొండ ఎక్కటం మొదలుపెడుతుంది. అక్కడినుంచి అనంతగిరి మీదుగా అన్నీ మలుపులే. ఒక పక్క కొండ, మరొక పక్క లోయ. వానాకాలంలో మబ్బులు రోడ్డు మీదికే దిగివస్తాయి. చలికాలంలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంటుంది. ఒక్కొక్కప్పుడు పదిగజాల అవతల ఏమున్నదీ కనిపించదు.

అటువంటప్పుడు బస్సు డ్రైవరు కళ్ళు దేనికోసం వెతుకుతాయో తెలుసునా? ముందుపోయే బండి వెనక వెలిగే రెండు ఎర్రదీపాల కోసం. అవి కనిపిస్తే ముందు బండి ఉన్నదని తెలుస్తుంది. అవి ఒక్కసారిగా ప్రకాశవంతమైతే ఆ బండివాడు బ్రేకు వేశాడని తెలుస్తుంది. పసుపుపచ్చ దీపం ఆరి వెలుగుతుంటే పక్కకు తిరగబోతున్నాడని తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిత్రమున్నది. ముందుదీపం ఎవరి బండికి వాళ్ళు దారి చూసుకోవటానికి పెట్టుకున్నది. వెనకదీపం అలాకాదు. దానివల్ల ఆ బండి నడిపేవాడికి ఏమీ కనిపించదు. ఆ దీపం వెనక వచ్చేవాళ్ళ కోసమే ఉన్నది. అది వెలుగు ఇవ్వటానికి పెట్టింది కాదు, మాట చెప్పటానికి పెట్టింది.

అరకు వెళ్ళే రైలుకు కూడా ఇలాంటి దీపమే ఉన్నది. కొత్తవలస నుంచి కిరండూలు వెళ్ళే లైను యీ కొండలలోనే పోతుంది. దానిలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. రైలు స్టేషను దాటేటప్పుడు అక్కడి ఉద్యోగి చివరి పెట్టె వెనక్కు చూస్తాడు. పగలైతే అక్కడ “ఎల్. వి.” అనే పలక ఉంటుంది, అంటే “ఆఖరు పెట్టె” అని. రాత్రయితే ఎర్రదీపం ఉంటుంది. అది కనిపిస్తేనే రైలు మొత్తం వచ్చిందన్నమాట. కనిపించకపోతే కొన్ని పెట్టెలు తెగి దారిలో నిలిచిపోయాయేమోనని అనుమానించాలి. చూచారా, చిన్న ఎర్రదీపం ఎంత పెద్ద మాట చెబుతున్నదో!

ఇలాంటి తోకదీపాన్ని కొత్తరకం పదార్థాలతో తయారుచెయ్యటం యీ మధ్య సాధ్యమయింది. దాని పేరు ఓ. ఎల్. ఇ. డి. అది ఎలా వెలుగుతుందో, మోటారు కారు మీదికి రావటానికి ఎన్ని కష్టాలు పడిందో ఇప్పుడు తెలుసుకుందాం.

ముందు ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. టార్చిలైటు తీసుకుని గోడమీద వెలుగు పడేటట్టు పట్టుకోండి. టార్చిలోకి సూటిగా మాత్రం చూడవద్దు, కళ్ళకు మంచిదికాదు. గోడమీద మధ్య బాగా కాంతి ఉంటుంది, చుట్టూ మసకగా ఉంటుంది. ఇప్పుడు టార్చి మూతికి పలచని తెల్లకాగితం చుట్టండి. కాగితం అంతటా ఒకే తీరుగా వెలుగుతుంది. కాని గోడమీద వెలుగు తగ్గిపోతుంది. కాగితం కొంత కాంతిని మింగేసింది, కొంత చెదరగొట్టింది.

పాతకాలపు కార్లలో తోకదీపానికి తీగె కాలి వెలిగే బల్బు ఉండేది. ఇప్పటికీ చాలా బండ్లకు అదే ఉన్నది. తరవాత ఎల్. ఇ. డి.లు వచ్చాయి. ఇవి మీ ఇళ్ళలోనూ ఉన్నాయి. ఎల్. ఇ. డి. అంటే ఆవగింజంత చోట చాలా కాంతి పుట్టించే చిన్న పలుకు. అంత చిన్నచోట అంత వెలుగు ఉంటే వెనకవాళ్ళ కళ్ళకు గుచ్చుకుంటుంది. అందుచేత దానికి అద్దాలూ, ప్లాస్టిక్ కడ్డీలూ, మూతలూ అమర్చి వెలుగును పరచాలి. మీ టార్చికి కాగితం చుట్టినట్టే. ఇదంతా చోటు ఆక్రమిస్తుంది, కాంతిని కొంత మింగుతుంది.

మరి మొత్తం పలకే దానంతట అది వెలిగితే? అప్పుడు అద్దాలూ అక్కర్లేదు, కాగితమూ అక్కర్లేదు. ఓ. ఎల్. ఇ. డి. చేసే పని ఇదే.

ఈ పేరులో మొదటి అక్షరం “ఆర్గానిక్” అనే మాటకు గుర్తు. అంటే కర్బనం ముఖ్యంగా ఉండే పదార్థాలని అర్థం. పంచదార, కిరసనాయిలు, వేపాకు రసం అన్నిటిలోనూ కర్బన పదార్థాలే ఉన్నాయి. అయితే కర్బన పదార్థం వెలగటమేమిటి అని మీరు అడగవచ్చు. వానలు పడిన తరవాత కొండవాలులో, చేలగట్ల మీద మిణుగురు పురుగులను మీరు చూచే ఉంటారు. వాటి పొట్టలో ఉండే లూసిఫెరిన్ అనే కర్బన పదార్థం గాలిలోని ఆమ్లజనితో కలిసినప్పుడు వెలుగు వస్తుంది. ఆ వెలుగు చెయ్యి కాల్చదు. మంటలేదు, పొగలేదు. ఓ. ఎల్. ఇ. డి.లో కూడా కర్బన పదార్థమే వెలుగుతుంది, కాని దానికి శక్తి ఆమ్లజనినుంచి కాక విద్యుత్తునుంచి వస్తుంది. ఇంకొక తేడా కూడా ఉన్నది. మిణుగురుకు ఆమ్లజని లేకపోతే వెలుగు లేదు. ఓ. ఎల్. ఇ. డి.కి ఆమ్లజని తగిలితే ప్రాణమే పోతుంది! ఆ సంగతి కాస్త తరవాత చెబుతాను.

కర్బన పదార్థంలో విద్యుత్తు పంపి వెలుగు తీయాలని మనుషులు చాలాకాలం ప్రయత్నించారు. 1950లలో ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో ఆంద్రే బెర్నానోజ్ అనే ఆయన కొన్ని రంగు పదార్థాలలో ఇటువంటి వెలుగును చూచాడు. 1963లో న్యూయార్కులో మార్టిన్ పోప్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళూ ఆంథ్రసీన్ స్ఫటికాన్ని వెలిగించారు. ఆంథ్రసీన్‌ను నేలబొగ్గు తారునుంచి తీస్తారు. అయితే దాన్ని వెలిగించటానికి వందలాది వోల్టులు కావలసివచ్చింది. కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. కనుక అది ప్రయోగశాలలో వింతగానే ఉండిపోయింది.

స్ఫటికం మందంగా ఉండటమే చిక్కు. 1987లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు దీనికి దారి కనిపెట్టారు. వారు స్ఫటికాన్ని వదిలేసి, కర్బన పదార్థాలను శూన్యంలో ఆవిరిగా మార్చి, గాజుపలక మీద అతి పలచని పొరలుగా పేర్చారు. ఒక పొర కాదు, రెండు పొరలు. ఆ రెండూ కలిపినా మన తలవెంట్రుక మందంలో వందోవంతుకు రావు. పది వోల్టులకు లోపే పలక ఆకుపచ్చగా ప్రకాశించింది.

రెండు పొరలు ఎందుకు? దీనికి మీ తరగతి గదిలోనే జవాబున్నది. ఒక బెంచీ మీద పదిమంది కూర్చున్నారనుకోండి. ఒక చివర కూర్చున్నవాడు లేచిపోయాడు. పక్కవాడు ఆ ఖాళీలోకి జరిగాడు. వాడి పక్కవాడు వాడి చోటులోకి జరిగాడు. ఇలా అందరూ జరిగితే ఖాళీచోటు ఒక చివరినుంచి రెండో చివరికి నడిచినట్టు ఉంటుంది. ఓ. ఎల్. ఇ. డి.లో కూడా ఇలాగే జరుగుతుంది. ఒక వైపునుంచి ఎలక్ట్రానులు వస్తాయి. రెండోవైపునుంచి ఖాళీచోట్లు వస్తాయి. ఒక పొర ఎలక్ట్రానులకు దారి, మరొక పొర ఖాళీచోట్లకు దారి. రెండు పొరలూ కలిసేచోట ఎలక్ట్రాను ఖాళీలో పడుతుంది. పడేటప్పుడు దాని దగ్గర మిగిలిన శక్తి వెలుగుగా బయటికి వస్తుంది. ఏ రంగు వెలుగు వస్తుందన్నది అక్కడున్న పదార్థాన్ని బట్టి ఉంటుంది. పలకకు ఒక వైపు లోహపు పొర, రెండోవైపు వెలుగు బయటికి రావటానికి వీలుగా పారదర్శకమైన పొర ఉంటాయి.

మొదట్లో ఇంకొక నష్టం ఉండేది. ఎలక్ట్రాను ఖాళీలో పడిన ప్రతి నాలుగుసార్లలో ఒక్కసారి మాత్రమే వెలుగు వచ్చేది. మిగిలిన మూడుసార్లూ శక్తి వేడిగా పోయేది. 1998లో అమెరికాలో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్, వారితో పనిచేసినవాళ్ళూ కర్బన పదార్థంలో ప్లాటినం అనే బరువైన లోహపు పరమాణువును ఇమిడ్చారు. అప్పుడు పోయే మూడు వంతులు కూడా వెలుగుగా మార్చటానికి వీలు కలిగింది. ఆ దీపం ఏ రంగులో వెలిగిందో ఊహించగలరా? ముదురు ఎరుపు! తోకదీపానికి కావలసిన రంగే అది. ఇప్పటికీ ఎరుపు పదార్థాలు చాలాకాలం మన్నుతాయి. నీలం పదార్థాలే త్వరగా నీరసిస్తాయి.

ఇక కారు సంగతి. ఓ. ఎల్. ఇ. డి. మొట్టమొదట బజారుకు వచ్చింది కారులోకే అంటే మీరు ఆశ్చర్యపోతారు. 1997లో జపానులోని పయనీర్ కంపెనీ కారు రేడియోకు ఓ. ఎల్. ఇ. డి. తెర అమర్చింది. కాని రేడియో కారు లోపల నీడపట్టున ఉంటుంది. తోకదీపం బయట ఎండలో, వానలో ఉండాలి. లోపలినుంచి బయటికి రావటానికి సుమారు ఇరవై ఏళ్ళు పట్టింది. 2016లో జర్మనీలో బి. ఎం. డబ్ల్యు. కంపెనీ ఎం-4 జి. టి. ఎస్. అనే కారుకు ఓ. ఎల్. ఇ. డి. తోకదీపాలు పెట్టి అమ్మింది. అవి కొద్ది వందల కార్లు మాత్రమే. ఆ ఏడే ఆడి కంపెనీ తన టి. టి. ఆర్. ఎస్. కారుకు కూడా అటువంటి దీపాలు తెచ్చింది.

అన్ని ఏళ్ళు ఎందుకు పట్టింది? ఈ దీపానికి ముగ్గురు శత్రువులున్నారు: చెమ్మ, ఆమ్లజని, వేడి. వానాకాలంలో ఉప్పుజాడీ మూత తీసి ఉంచితే ఉప్పు చెమ్మగిల్లుతుంది గదా! అరకు కొండలలో కాఫీగింజలు ఎండబెట్టేవాళ్ళను అడిగినా చెమ్మ ఎంత చెరుపు చేస్తుందో చెబుతారు. ఓ. ఎల్. ఇ. డి.కి అంత చెమ్మ కూడా అక్కర్లేదు. కంటికి కనిపించని నీటి ఆవిరి ఏ సందునుంచో లోపలికి దూరినా చాలు, పలకమీద నల్లని చుక్క ఏర్పడుతుంది. అక్కడ వెలుగు ఉండదు. రోజులు గడిచినకొద్దీ ఆ చుక్క పెద్దదవుతుంది.

అందుచేత పలకమీద మరొక గాజుమూత పెట్టి, అంచులు గట్టిగా అతికి, లోపల చెమ్మ పీల్చే పదార్థం ఉంచుతారు. కొందరు మూతకు బదులు నీరు దూరని పొరలను ఒకదానిపై ఒకటి పరుస్తారు. వేడి తట్టుకోవటానికి పదార్థాలనే మార్చవలసివచ్చింది. కార్ల దీపాలను సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలోనూ, 85 డిగ్రీల వేడిలోనూ ఉంచి పరీక్షిస్తారు. వైశాఖమాసపు ఎండలో నిలిపిన కారు రేకును ముట్టుకుంటే ఈ పరీక్ష ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మన కొండదారికి వద్దాం. పొగమంచులో ఈ దీపం బాగా పనిచేస్తుందా? “ఎర్రకాంతి మంచును చీల్చుకుపోతుంది” అని చాలామంది అంటారు. ఆ మాట పూర్తిగా నిజంకాదు. గాలిలోని అణువులు నీలికాంతిని ఎక్కువగా, ఎర్రకాంతిని తక్కువగా చెదరగొడతాయి. సూర్యాస్తమయం ఎర్రగా ఉండటం అందువల్లనే. కాని పొగమంచులోని నీటిచుక్కలు అణువులకంటె చాలా పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు సమానంగానే చెదరగొడతాయి. మంచు తెల్లగా కనిపించేది అందుకే. కనుక మంచులో కనిపించాలంటే రంగు చాలదు. దీపానికి తగిన బలం ఉండాలి.

ఆ బలాన్ని కాండెలాలలో కొలుస్తారు. ఒక కాండెలా అంటే సుమారు ఒక కొవ్వొత్తి వెలుగు అనుకోండి. చాలా దేశాలు పాటించే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మామూలు తోకదీపానికి సూటిగా వెనక్కు కనీసం 4 కాండెలాలు ఉండాలి. బ్రేకు దీపానికి కనీసం 60. పొగమంచులో వేసే ప్రత్యేకమైన ఎర్రదీపానికి కనీసం 150.

ఇక లెక్క చేద్దాం. చదరపు మీటరుకు 2000 కాండెలాలు ఇచ్చే ఓ. ఎల్. ఇ. డి. పలక మన దగ్గర ఉన్నదనుకుందాం. చదరపు మీటరంటే 10,000 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక కాండెలాకు 5 చదరపు సెంటీమీటర్ల పలక కావాలి. తోకదీపానికి 4 కాండెలాలు గనుక 20 చదరపు సెంటీమీటర్లు చాలు. అది అగ్గిపెట్టె పైభాగమంత. బ్రేకు దీపానికి 300 కావాలి. అది 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడుగు ఉండే నోటుపుస్తకమంత. మంచుదీపానికి 750 కావాలి. అది మీరు రాసుకునే పలకంత! కారు వెనక రెండువైపులా అంత చోటు ఎక్కడున్నది?

విద్యుత్తు ఎక్కువ పంపి కాంతి పెంచవచ్చు గదా అంటారేమో. పెంచవచ్చు. కాని దీపం వత్తి ఎగదోస్తే నూనె త్వరగా అయిపోయినట్టు, పలక ఆయుష్షు తగ్గిపోతుంది. అందుకని వెలిగే పొరలను రెండు అంతస్తులుగా పేర్చి, తక్కువ విద్యుత్తుతోనే ఎక్కువ కాంతి తీసే పద్ధతి కనిపెట్టారు. అయినా ఇప్పటికి ఓ. ఎల్. ఇ. డి.లు ముఖ్యంగా మామూలు తోకదీపం పనే చేస్తున్నాయి. బ్రేకు దీపానికీ, మంచుదీపానికీ ఎక్కువగా ఎల్. ఇ. డి.లనే వాడుతున్నారు. ముందుదీపానికి వేలకు వేలు కాండెలాలు కావాలి గనుక అక్కడ ఓ. ఎల్. ఇ. డి. పనికిరాదు.

బలంలో ఎల్. ఇ. డి. గెలిచినప్పుడు మరి ఇది దేనికి? మాట చెప్పటానికి. ఒకే పలకను చిన్నచిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగాన్ని విడిగా వెలిగించవచ్చు, ఆర్పవచ్చు. భాగాలమధ్య సందు కూడా సరిగా కనిపించదు. 2020లో వచ్చిన ఆడి క్యు-5 కారులో ఒక్కొక్క పలకకు ఆరు భాగాలున్నాయి. ఆ కారు ఆగి ఉన్నప్పుడు వెనకనుంచి ఎవరైనా రెండు మీటర్ల దగ్గరికి వస్తే అన్ని భాగాలూ వెలిగి, “జాగ్రత్త, నేనిక్కడున్నాను” అని చెబుతాయి. 2024లో వచ్చిన క్యు-6 ఇ-ట్రాన్ కారులో ఆరు పలకలు, ఒక్కొక్క దానిలో అరవై భాగాలు. ప్రమాదం జరిగినా, బండి చెడి ఆగినా, ఆ భాగాలు వెనకవాళ్ళకు హెచ్చరిక గుర్తును చూపిస్తాయి. గుడ్డిమలుపులో ఆగిపోయిన బండి తన కష్టం తానే చెప్పుకోవటం ఎంత మేలో కొండదారిలో తిరిగేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఈ దీపాలున్న కార్లు చాలా ఖరీదైనవి. అనంతగిరి దారిలో తిరిగే బస్సులకూ, జీపులకూ, ఆటోలకూ ఇవి లేవు. మంచు మాత్రం ఖరీదైన బండి అనీ, చవక బండి అనీ చూడదు. పైగా తెల్లవారుజామున సంతకు నెత్తిన బరువుతో నడిచిపోయేవాళ్ళకు దీపమే ఉండదు. రోడ్డుకు అడ్డంవచ్చే ఎద్దుకు అంతకన్నా ఉండదు. అటువంటివారికి విద్యుత్తు అక్కర్లేని తోకదీపం ఒకటున్నది. మీ సైకిలు వెనక మడ్‌గార్డు మీద చూడండి, ఎర్రని బిళ్ళ ఉంటుంది. దానిలో మూలలు తిరిగిన చిన్నచిన్న గుంటలున్నాయి. ఎటునుంచి వెలుగు వచ్చినా అవి దాన్ని వచ్చిన వైపుకే తిప్పి పంపుతాయి. బస్సు దీపం పడగానే ఆ బిళ్ళ డ్రైవరు కంటికి వెలుగుతుంది. అలా మెరిసే పట్టీ సంచికి కుట్టుకున్నా, ఎద్దు మెడపట్టెడకు కట్టినా అదే పని చేస్తుంది. దాని ఖరీదు కొద్ది రూపాయలే.

మరొక సంగతి. వానాకాలంలో కొండరోడ్డు మీద పోయిన బండి వెనకభాగమంతా ఎర్రమట్టి పేరుకుపోతుంది. అప్పుడు ఎంత గొప్ప దీపమైనా మూగదే. ఈసారి ప్రయాణంలో బండి ఆగినప్పుడు మీ నాన్నగారిని అడిగి, తడిగుడ్డతో తోకదీపాలు తుడవండి.

చివరికి ఒక లెక్క. 5 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల పొడుగు గల ఓ. ఎల్. ఇ. డి. పలక మనం పైన అనుకున్న బలంతోనే వెలుగుతున్నది. కొంతకాలానికి చెమ్మ దూరి, దానిలో మూడోవంతు నల్లచుక్కలతో ఆరిపోయింది. మిగిలిన పలక మామూలు తోకదీపంగా పనికివస్తుందా, రాదా? లెక్కకట్టి ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి.